మంచు కురిసే పల్లె జపాన్‌లో తక్కువ ఖర్చుతో తిరగాలంటే: ఎక్కడ పీనాసితనం పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది

మేం ముగ్గురం లంబసింగిలో తెల్లవారుజామున టీ తాగినవాళ్ళం. ఒకడైతే ఆదిలాబాద్‌లో పెరిగాడు. "చలి మనకి కొత్తా" అన్న ధీమాతోనే ఒక జనవరి నెల మధ్యలో వీపున బ్యాగులు వేసుకుని ఉత్తర జపాన్ పల్లెలకు బయల్దేరాం. పది రోజుల్లో రెండు రైళ్ళు తప్పాయి, ఒక నీళ్ళ పైపు గడ్డకట్టించాం, ముగ్గురిలో ఒకడు మంచు కాలువలో మోకాలి దాకా దిగాడు.

తిరిగొచ్చాక కూర్చుని లెక్క వేస్తే తేలింది ఏమిటంటే, మా తప్పులన్నీ ఒకే చెట్టు కొమ్మలు. హంపీలోనో గోకర్ణంలోనో డబ్బు మిగిల్చే తెలివి (ముందు బుక్ చెయ్యకపోవడం, ఆటో ఎక్కకుండా నడవడం, రూము దొరక్కపోతే స్టేషన్లో పడుకోవడం) అక్కడ సరిగ్గా తలకిందులవుతుంది. కాబట్టి ఈ గైడ్ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఎక్కడ బిగపట్టాలి, ఎక్కడ వదలాలి. యెన్లలో రాసిన అంకెను సగం చేసి ఇంకాస్త కలుపుకుంటే సుమారుగా రూపాయలొస్తాయి.

మొదటి అడుగు: ఒకే ఒక లోయను ఎంచుకోండి

జపాన్ మ్యాపు తీసి మధ్యలో వెన్నెముకలా ఉన్న కొండల వరసను చూడండి. చలికాలంలో సైబీరియా నుంచి పొడిగాలి వీస్తుంది. మధ్యలో జపాన్ సముద్రం మీద, వెచ్చని త్సుషిమా ప్రవాహం మీదుగా వచ్చేటప్పుడు తేమను నింపుకుంటుంది. కొండలకు గుద్దుకుని ఆ తేమనంతా పడమటి వైపే మంచుగా దించేస్తుంది. అందుకే నీగాతా, యమగాతా, అకితా, అవోమొరి జిల్లాలు మంచులో మునిగి ఉంటే, అదే రోజు టోక్యోలో ఎండ కాస్తుంటుంది. నాగనో, ఫుకుషిమా, ఇవాతేల్లో మాత్రం కొండల పక్కనున్న భాగాలకే ఈ భారీ మంచు.

ఎంత మంచు? అవోమొరిలోని సుకాయు దగ్గర 2013 ఫిబ్రవరిలో నేల మీద 566 సెంటీమీటర్లు కొలిచారు. నాగనోలో ఈయామా లైను మీద మోరిమియానోహారా అనే చిన్న స్టేషను ఉంది. 1945 ఫిబ్రవరి 12న అక్కడ 7.85 మీటర్ల మంచు పేరుకుంది. ఆ ఎత్తు ఎంతో చూపించడానికి ఒక స్తంభం పాతారు. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే మన రెండంతస్తుల డాబా గుర్తొస్తుంది.

మేం చేసిన మొదటి తప్పు, పది రోజుల్లో ఐదు జిల్లాలు పెట్టుకోవడం. మీరు రెండు చోట్లే పెట్టుకోండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేవి రెండు. ఒకటి నాగనోలోని నొజావా ఓన్‌సెన్: ఊరివాళ్ళే చూసుకునే 13 వేడినీటి స్నానశాలలు ఉన్నాయి. టికెట్ లేదు, డబ్బాలో తోచింది వెయ్యడమే. రెండోది ఇవాతే, అకితాల మధ్య కితాకామి లైను. దాని పడమటి చివర యొకొతే అనే ఊరు. ఫిబ్రవరి మధ్యలో అక్కడ మంచుతో గుడిసెలు కట్టి, లోపల నీటి దేవతను నిలిపి, పిల్లలు దారిన పోయేవాళ్ళను లోపలికి పిలిచి అమజాకే అనే తియ్యటి బియ్యపు పానీయం పోస్తారు. దాన్ని కమకురా పండగ అంటారు.

రీళ్ళలో కనిపించే గిన్‌జాన్ ఓన్‌సెన్ అనే వేడినీటి బుగ్గల ఊరి మీద ఆశ పెట్టుకుంటే ఒక మాట. జనం తాకిడి తట్టుకోలేక 2024 డిసెంబరు నుంచి చలికాలపు సాయంత్రాల్లో, రాత్రి బస చెయ్యకుండా చూసి వెళ్ళిపోయేవాళ్ళ మీద ఆంక్షలు పెట్టారు. తాజా నిబంధన చూసుకోకుండా వెళ్తే బస్సు ఛార్జీ దండగ.

రెండో అడుగు: టికెట్ ఉచ్చులో పడకండి

మా ప్లాన్ మొత్తం సేషున్ 18 కిప్పు అనే టికెట్ మీద కట్టుకున్నాం. జేఆర్ (జపాన్ రైల్వే) సంస్థల ప్యాసింజరు రైళ్ళన్నిటిలో రోజంతా తిరగనిచ్చే చవక టికెట్ అది. పేరులో 18 ఉన్నా ఏ వయసువాళ్ళైనా కొనుక్కోవచ్చు. పాత వీడియోలు చూసి, ఒక్క టికెట్‌ను ముగ్గురం పంచుకుందాం అనుకున్నాం.

రెండు దెబ్బలు తగిలాయి. 2024 చలికాలం నుంచి నియమం మారింది: మూడు రోజులదైతే 10,000 యెన్లు, ఐదు రోజులదైతే 12,050. వరసగా వాడాలి, ఒక టికెట్ ఒక మనిషికే. ఇది మొదటి దెబ్బ. రెండోది ఇంకా గట్టిది: చలికాలపు టికెట్ చెల్లేది సుమారు డిసెంబరు 10 నుంచి జనవరి 10 దాకానే. మంచు పతాకానికి చేరేది జనవరి చివర, ఫిబ్రవరిలో. అంటే మంచు బాగా ఉన్నప్పుడు ఈ టికెట్ లేదు, టికెట్ ఉన్నప్పుడు మంచు అప్పుడే మొదలవుతుంటుంది. మేం దిగేసరికి గడువు అయిపోయింది.

ఇంకో చిన్న ముల్లు. బుల్లెట్ రైలు వచ్చిన చోట్ల పాత లైన్లను కొన్నిటిని వేరే కంపెనీలకు అప్పగించారు. మోరియోకా నుంచి హచినోహే వెళ్ళే దారి అలాంటిదే. అక్కడ ఈ టికెట్ చెల్లదు, విడిగా కట్టాలి.

దేశమంతా చెల్లే జేఆర్ పాస్ గురించి ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకు ఎగిరింది. ఒకటి రెండు ఊళ్ళకే అయితే టోక్యో నుంచి రాత్రి హైవే బస్సు ఎక్కి, అక్కడ నుంచి విడి టికెట్లు కొనుక్కోవడమే చవక. వీసా పెద్ద తలనొప్పి కాదు, మనవాళ్ళకు ఈ-వీసా వచ్చింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం మంచు క్రీడలు కూడా కలిపి తీసుకోండి. ఇక్కడ పీనాసితనం వద్దు.

మూడో అడుగు: రోజును రాత్రి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఈ గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

మనం రోజును పొద్దున నుంచి ప్లాన్ చేస్తాం: లేస్తాం, ఇది చూస్తాం, అది చూస్తాం, రాత్రికి ఎక్కడో పడుకుంటాం. అక్కడ పడక దగ్గర మొదలుపెట్టాలి. మిన్‌షుకు అనే ఇంటి లాడ్జీల్లో భోజనం ఆరింటికే పెడతారు, ఆలోపు చేరాలి. జనవరిలో సూర్యుడు ఐదుకల్లా అస్తమిస్తాడు. కాబట్టి మూడింటికల్లా ఆ రోజు చివరి రైల్లో ఎక్కి కూర్చోవాలి. నిజంగా చివరిది కాదు, దానికి ముందుది. చివరి రైలును ఆపద కోసం దాచుకోవాలి.

ఇది మాకెలా తెలిసిందంటే: ఫుకుషిమాలో ఐజు-వకమత్సు నుంచి నీగాతాలోని కొయిదే దాకా తదామి లైను ఉంది. 2011 జులై వరదలకు వంతెనలు కొట్టుకుపోయి, పదకొండేళ్ళ తర్వాత 2022 అక్టోబరు 1న మళ్ళీ పూర్తిగా తెరిచారు. నది మీద వంపు తిరిగిన ఇనుప వంతెన, చుట్టూ మంచు, దాని మీద రెండు పెట్టెల రైలు... ఆ ఫొటో కోసమే దిగాం. ఆ లైనులో ఐజు-కవాగుచి, తదామి మధ్య రోజుకు మూడు జతల రైళ్ళే నడుస్తాయి. ఫొటో బాగా రాలేదని మావాడు ఇంకో పది నిమిషాలు ఆగుదామన్నాడు. ఆ పది నిమిషాల ఖరీదు మూడు గంటలు. స్టేషన్లో మనిషి లేడు, మా వేళ్ళలో స్పర్శ లేదు. పక్కనే దుకాణం మూసేస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని లోపలికి పిలిచి స్టవ్ దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, మాకు జపనీస్ రాదు. ఎండబెట్టిన పెర్సిమన్ పండు పెట్టింది. మా అమ్మమ్మ ఊళ్ళో అయినా ఇంతే చేసేవాళ్ళు అనిపించింది గానీ, ప్రతి స్టేషన్ పక్కనా ఆవిడ ఉండదు.

మర్నాడు తదామి దాటి నీగాతా వైపు పోదామంటే అటు లైను మంచుతో మూసేశారు. రైలు ఆగితే బస్సు పెడతారు కదా అనుకున్నాం. ఆ కొండ దాటే 252వ నంబరు జాతీయ రహదారిని చలికాలమంతా మూసే ఉంచుతారు. బస్సు నడవడానికి రోడ్డే లేదు! వచ్చిన దారినే వెనక్కి పోయాం. అందుకని ప్రతి లైనుకూ ఈ ప్రశ్న వేసుకోండి: రైలు ఆగితే పక్కన చలికాలంలో తెరిచి ఉండే రోడ్డు ఉందా? గూగుల్ మ్యాప్ ఈ విషయంలో నమ్మదగ్గది కాదు. ఎండాకాలపు కొండ దారుల్ని కూడా నడవమని చూపిస్తుంది.

స్టేషన్ బోర్డుల మీద, అనౌన్స్‌మెంట్లలో చెవిన పడాల్సిన మాటలు నాలుగు: 'ఉన్‌క్యూ' అంటే రద్దు, 'మియావాసె' అంటే తాత్కాలికంగా ఆపారు, 'చియెన్' అంటే ఆలస్యం, 'దైకో బసు' అంటే రైలు బదులు బస్సు. రాత్రి పడుకునే ముందు రైల్వేవాళ్ళ సైటు చూడండి. పెద్ద మంచు వస్తుందంటే ముందు రోజే రద్దు ప్రకటిస్తారు. టైంటేబుల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సొరంగాల్లో సిగ్నల్ ఉండదు.

నాలుగో అడుగు: కాళ్ళ మీద ఖర్చు పెట్టండి, మిగతా బట్టల మీద కాదు

హైదరాబాద్‌లో పదిహేను వేలు పెట్టి మావాడు ఒక జాకెట్ కొన్నాడు, కాళ్ళకు మాత్రం రోజూ వేసుకునే స్పోర్ట్స్ షూ. రెండో రోజుకే అవి నానిన ఇడ్లీల్లా అయ్యాయి. నీగాతా వైపు చలి సున్నా దగ్గరే ఊగిసలాడుతుంది, మంచు తడిగా ఉంటుంది. హొక్కైదోలో మైనస్ పదిహేనులో పొడి మంచు దులిపేస్తే పోతుంది. సున్నా దగ్గర తడి మంచు ఎముకల్లోకి దిగుతుంది. జీన్స్ అసలు వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు.

అక్కడి రైతులేం వేసుకుంటున్నారో చూడండి: మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, నాగగుత్సు అంటారు. ఊరి హార్డ్‌వేర్ షాపుల్లో, పనివాళ్ళ బట్టలమ్మే వర్క్‌మన్ లాంటి దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. లోపల ఉన్ని సాక్సులు రెండు జతలు. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళ పట్టీ ఒకటి. వంద యెన్ల షాపుల్లో కైరో అనే వేడి ప్యాకెట్లు కొనండి, గంటల తరబడి వెచ్చగా ఉంటాయి. చర్మానికి నేరుగా తగలకూడదు, కాలుతుంది. తడిసిన బూట్లలో రాత్రి న్యూస్‌పేపరు కుక్కండి. పోయిన ప్రతి ఇంట్లోనూ గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి కాబట్టి, చిరుగుల్లేని సాక్సులు మర్యాదకు కూడా అవసరం. పెద్ద బ్యాగును కొరియర్‌లో ముందే పంపేసి చిన్న బ్యాగుతో నడవడం ఖర్చుకు తగ్గ సుఖం.

ఐదో అడుగు: మనిషి లేని స్టేషన్, ఒక్క మనిషి నడిపే రైలు

పల్లె రైళ్ళలో డ్రైవరే కండక్టరు. ఇలా ఎక్కాలి: తలుపు తనంతట తెరుచుకోదు, పక్కనున్న బటన్ నొక్కాలి. ఎక్కాక మళ్ళీ నొక్కి మూసెయ్యాలి. మూయకపోతే పెట్టెలో ఉన్న ముసలివాళ్ళంతా ఒకేసారి మీ వైపు చూస్తారు, ఆ చూపు బయటి చలి కన్నా ఘోరం. లోపల చిన్న మిషన్ నుంచి అంకె ఉన్న చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందున్న బోర్డులో మీ అంకె కింద ఎంతుందో అంత డబ్బు డబ్బాలో వెయ్యాలి. మనిషి లేని స్టేషన్లో మొదటి పెట్టె ముందు తలుపే తెరుచుకుంటుంది. వెనక పెట్టెలో కునుకు తీస్తే దిగాల్సిన ఊరు దాటిపోతుంది. మా రెండో రైలు తప్పింది ఇలాగే, అది కూడా రైల్లో ఉండగానే!

టోక్యోలో సుయికా అనే ప్రీపెయిడ్ కార్డు టక్కుమని తాకించి లోపలికి పోయి, కార్డు మిషనే లేని ఊళ్ళో దిగితే గోల. నగదు కట్టి, కార్డు సరిచేయించుకోవడానికి కాగితం రాయించుకోవాలి. దూరం పోయేటప్పుడు కాగితం టికెట్టే కొనండి. బస్సుల్లో, రైళ్ళలో చిల్లర మిషను సాధారణంగా వెయ్యి యెన్ల నోటునే మింగుతుంది. మేం పదివేల నోటు ఇస్తే డ్రైవరు రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. చివరికి ఒక స్కూలు పిల్ల చిల్లర ఇచ్చి కాపాడింది. సెవెన్-ఎలెవెన్ షాపుల్లో, పోస్టాఫీసుల్లో ఉండే ఏటీఎంలలో మన కార్డులు పనిచేస్తాయి. పల్లెకు పోయే ముందే వెయ్యి నోట్లు, వంద నాణేలు పోగెయ్యండి.

ఆరో అడుగు: రాత్రి

స్టేషన్లో పడుకుందామనే ఆలోచన మానుకోండి. మనిషి లేని స్టేషన్లలో రాత్రి హీటరు ఉండదు, చాలాచోట్ల తాళమే వేస్తారు. ఇది డబ్బు మిగల్చడం కాదు, ప్రాణంతో చెలగాటం. గెస్ట్‌హౌస్ డార్మిటరీలో మంచం ఎప్పుడూ ముందే బుక్ చేసి ఉంచండి.

అకితాలో ఒక పాత చెక్క ఇల్లు ముగ్గురం కలిసి అద్దెకు తీసుకున్నాం. తలకు లెక్కేస్తే డార్మిటరీ కన్నా చవక. ఆ ఇళ్ళలో ఒక్క గదే వెచ్చగా ఉంటుంది, మిగతా ఇల్లంతా ఫ్రిజ్. కొతాత్సు అని కింద హీటరు, మీద దుప్పటి ఉన్న పొట్టి బల్ల ఉంటుంది. అందులో కాళ్ళు పెట్టాక లేవాలనిపించదు. కిరోసిన్ ఫ్యాన్ హీటరు మూడు గంటలకోసారి తనంతట ఆరిపోతుంది, అలా తయారుచేస్తారు. గంటకోసారి కిటికీ కాస్త తెరిచి గాలి మార్చాలి. నిద్రపోయే ముందు ఆర్పెయ్యాలి. చలికి భయపడి రాత్రంతా వెలిగించి అన్నీ మూసుకుంటే ఆ పొగే విషం.

ఇంటాయన పోతూ పోతూ 'మిజు-నుకి' అని రెండుసార్లు చెప్పాడు. తల ఊపాం. మనకు అర్థం కాకపోయినా తల ఊపే జబ్బు ఉంది కదా. దానర్థం, రాత్రి పడుకునే ముందు ఒక వాల్వ్ తిప్పి పైపుల్లో నీళ్ళన్నీ ఖాళీ చెయ్యాలని. తెల్లారేసరికి పైపు గడ్డకట్టింది, ప్లంబరు వచ్చాడు, మిగిల్చిన డబ్బంతా ఆయన చేతిలో పోశాం. ఆ మాట వినపడితే వాల్వ్ చూపించమని అడిగి, ఫోన్లో వీడియో తీసుకోండి.

ఏడో అడుగు: తిండి

మాంసం తినేవాళ్ళకు ఇబ్బంది లేదు. శాకాహారులకు అసలు చిక్కు చేపముక్కల రసం. దాషి అంటారు, అన్నిటిలోనూ ఉంటుంది: ఉదోన్, సూపు, ఉడికించిన కూరలు, ఆఖరికి కూరగాయల మీద పోసే సాసులోనూ. 'మాంసం లేదు' అని వాళ్ళు నిజాయితీగానే చెబుతారు, దాషి వాళ్ళ లెక్కలో మాంసం కాదు. బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, వచ్చాక చెబితే వండిన మనిషి బాధపడుతుంది.

మాకు నడిచిన దారి: సూపర్‌మార్కెట్లో మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం, పెరుగు, పైన ఇంటి కందిపొడి. ఉప్పు వేసినవి, ఉమే అనే పుల్లటి పండు ఊరగాయ పెట్టినవి అన్నం ముద్దలు కన్వీనియన్స్ షాపుల్లో దొరుకుతాయి. రాత్రి ఏడు దాటాక సూపర్‌మార్కెట్లో సగం ధర స్టిక్కర్లు అంటిస్తారు, ఇక్కడ మాత్రం పీనాసితనానికి హద్దు లేదు. ఒక మోస్తరు పట్నమైతే నేపాలీలు నడిపే 'ఇండియన్' హోటలు ఉంటుంది, దుప్పటంత నాన్ ఇస్తారు. అమ్మ కట్టిచ్చిన చికెన్ పచ్చడి మాత్రం పెట్టెలో పెట్టకండి. మాంసం ఉత్పత్తులు జపాన్‌లోకి తీసుకుపోవడం నిషేధం.

ఎనిమిదో అడుగు: స్నానం

సిగ్గు పడకండి, అందరూ దిగంబరులే. ముందు కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా తోముకుని, అప్పుడే తొట్టిలో దిగాలి. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. నొజావాలో నీళ్ళు మరిగే సాంబారులా ఉంటాయి, మెల్లగా దిగండి.

కితాకామి లైను మీద హొత్తో-యుదా అని ఒక స్టేషను ఉంది. ఆ భవనంలోనే వేడినీటి స్నానశాల. లోపల గోడకు ట్రాఫిక్ సిగ్నల్ లైట్లు: రైలు దగ్గరపడే కొద్దీ రంగు మారుతుంది. ఎరుపు వెలిగితే పావుగంటే ఉంది, లేచి తుడుచుకోవాలన్నమాట. టెన్షన్ లేకుండా మేం రైలు అందుకున్నది ఆ ఒక్క ఊళ్ళోనే.

తొమ్మిదో అడుగు: ఊళ్ళో నడక, ఇరుక్కుపోతే ఏం చెయ్యాలి

చూరు కింద నడవకండి, కప్పు మీద మంచు ఒక్కసారిగా జారుతుంది. రోడ్డు పక్కన మంచును తోసెయ్యడానికి నీళ్ళు పారే కాలువలుంటాయి, మూతలు తెరిచి పెడతారు. కొత్త మంచు కప్పేస్తే గుంత కనబడదు. మావాడు దిగింది అందులోనే. రోడ్డు మీద కిందికి చూపే బాణపు గుర్తులు కనబడితే అది రోడ్డు అంచు, అటు పోకండి. స్కీ మైదానం తాడు దాటితే వెతకడానికి అయిన ఖర్చు మీ మీదే పడొచ్చు.

కారు అద్దెకు తీసుకోవద్దనే నా సలహా. అక్కడివాళ్ళే ఇరుక్కుపోతారు. 2020 డిసెంబరులో నీగాతా దగ్గర కాన్-ఎత్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు వేలకు పైగా బళ్ళు మంచులో నిలిచిపోయాయి. ఎప్పుడైనా బండిలో చిక్కుకుంటే, ఇంజను ఆపండి, లేదా సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తవ్వుతూ ఉండండి. గొట్టం మూసుకుపోతే పొగ లోపలికే వస్తుంది. రైలూ ఆగొచ్చు: 2018 జనవరిలో నీగాతాలో సుమారు 430 మందితో ఒక రైలు రాత్రంతా, దాదాపు 15 గంటలు పట్టాల మీదే ఉండిపోయింది. బ్యాగులో ఎప్పుడూ ఒక పూట తిండి, నీళ్ళు, పవర్‌బ్యాంకు ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ ఊరికే పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. అంబులెన్సుకు 119, పోలీసులకు 110. ఇంగ్లిష్‌లో సాయం కావాలంటే పర్యాటక సంస్థ హాట్‌లైన్ 050-3816-2787, ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు.

పదో అడుగు: తిరుగు ప్రయాణం

విమానానికి ముందు రాత్రి టోక్యోలో ఉండాలి. పల్లెలో ఇంకో రోజు అనే ఆశ ఎంత ఉన్నా ఇది తప్పించకండి.

మేం ఈయామా లైను చివరి దాకా పోయి, ఎచిగో-యుజావాలో మారి, షిమిజు సొరంగంలోంచి గున్మా వైపుకి వచ్చాం. మినాకామిలో ఇంకా మంచే. కొండ దిగే కొద్దీ పలచబడి, తకాసాకి వచ్చేసరికి నేల పొడిగా, ఆకాశం నీలంగా ఉంది. టోక్యోలోని ఉయెనో స్టేషన్లో సూట్లు వేసుకున్న ఆఫీసు జనం మధ్య, ఎండలో, మోకాలి దాకా రబ్బరు బూట్లతో మేం ముగ్గురం. ఒక పెద్దాయన మా కాళ్ళ వైపు చూసి, "నీగాతా?" అని అడిగాడు.

తల ఊపాం. ఈసారి అర్థమయ్యే ఊపాం.